గూఢచారుల మ్యూజియంలో గుట్టు విప్పని కుటుంబం

మనల్ని ఎవరైనా ఓ కంట కనిపెట్టి ఉంటున్నారంటే అంతకు మించిన అదృష్టం లేదని నేను గట్టిగా వాదిస్తాను. పట్నాల్లో పక్కింటి మనిషి పోయినా మూడో రోజుకు గానీ తెలియదట. మా టేకులపల్లి అడవి పల్లెల్లో అంత దిక్కులేని బతుకు ఎవరికీ లేదు!

మేం దగ్గితే చాలు, ఎందుకు దగ్గామని అడగడానికి రెండు వర్గాలున్నాయి. ఖాకీ బట్టల్లో జీపులో వచ్చేవారు "నడిచొచ్చినోళ్ళు ఎవరు?" అంటారు. తుపాకులతో అడవిలోంచి నడిచి వచ్చేవారు "జీపోళ్ళకు ఏం చెప్పినవ్?" అంటారు. మా ఊరికి సెల్ టవర్ ఇంకా రాలేదు. అయినా ఎవరింట్లో కోడి కోశారో ఇద్దరికీ పొయ్యి ఆరకముందే తెలుస్తుంది.

మా మామ పగిడయ్య చిన్నకూతురి నిశ్చితార్థానికి సంతలో పాతిక కిలోల బియ్యం కొన్నాడు. అవి అడవిలోకి పోతాయేమోనని జీపువాళ్ళు, ఎవరెవరు తింటారో పేర్లు రాసివ్వమన్నారు. ఆయన పిలవడం మరిచిన ముగ్గురు చుట్టాలు ఆ కాగితం రాస్తుంటేనే గుర్తొచ్చారు. ఇంత శ్రద్ధ మీ సొంత మేనమామ చూపిస్తాడా?

ఒకరిని కనిపెట్టి ఉండడం ఇన్ని సుగుణాలున్న విద్య కాబట్టే, ఖమ్మంలో గూఢచారుల మ్యూజియం పెట్టారని విని వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదినీ బయల్దేరదీశాను. బడిపంతులును కదా, విజ్ఞానం మాటెత్తితే ఆగలేను. నా భార్య వనజ, అత్త జంపక్క, ఎనిమిదేళ్ళ కూతురు శ్రావణి నా వెంట వచ్చారు.

లోపల బూటు మడమలో కెమెరా ఉంది. గుండీలో మైకు ఉంది. మా అత్త అన్నీ చూసి పెదవి విరిచింది.

"గింత సామాను ఎందుకయ్యా? కల్లు కాడ కూసుంటే అన్నీ తెలుస్తయి గదా."

ఆ మాటకు నేను నవ్వి వెనక్కి తిరిగేసరికి శ్రావణి లేదు.

జనంలో అటూ ఇటూ పరుగెత్తాం. వనజ ఏడుపు మొదలుపెట్టింది. ఖాకీ బట్టలేసుకున్న వాచ్‌మన్ పాపం సాయానికే వచ్చాడు. వచ్చి మా అత్తను అడిగాడు.

"పాప ఏ రంగు గౌనేసుకున్నది, పెద్దమ్మా?"

"ఏ పాప? మాతోని ఎవ్వలు రాలే."

"మీరు ఎందరొచ్చిన్రు?"

"నాకు తెల్వదు. నేను కట్టెలకు పోయిన."

ఖాకీ గుడ్డ కనబడితే మా అత్త నోటికి వచ్చే జవాబులు ఇవే. ఇరవై ఏళ్ళుగా ఇవే ఆమెను బతికించాయి. అల్లుడు ఎదురుగా చేతులు జోడిస్తున్నా ఆమె మాట మార్చలేదు.

అరగంటకు మైకులో చెప్పారు. "ఒక పాప దొరికింది. పేరు చెప్తలేదు. ఊరు చెప్తలేదు. తల్లిదండ్రులు ఎవరంటే అసలే చెప్తలేదు."

ఆ ఆనవాళ్ళు చాలు, మా పిల్లే!

ఆఫీసు గదిలో కుర్చీ మీద బిగుసుకుని కూర్చుంది. ముందున్న బిస్కెట్ ప్యాకెట్ ముట్టలేదు. వాచ్‌మన్ నన్ను చూపించి, "ఈయన మీ నాయినేనా?" అని అడిగాడు. శ్రావణి అతని ఖాకీ చొక్కాను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"తెల్వదు. ఎన్నడు చూడలే."

బడిలో నేను అక్షరాలు దిద్దించకముందే దానికి ఈ పాఠం వచ్చేసింది. ఏ పంతులు నేర్పగలడు ఇంత బాగా?

మా వైపు మనుషులు చెప్పులు మరిచినా రేషన్ కార్డు మరవరు. దాని మీద కుటుంబం ఫోటో ఉంటుంది. అది చూపించి నా కూతురిని నేను విడిపించుకున్నాను. ఇంత మొండిపిల్లను చూడలేదని వాచ్‌మన్ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

బస్సు ఇల్లెందు దాటింది. శ్రావణి చుట్టూ ఒకసారి చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"నాయినా, వాడు మస్తుగ అడిగిండు. నేను నిన్ను పట్టియ్యలే."