కష్టభత్యం

"ఇంజనీరింగు చదువుల్లో ఏది అన్నిటికన్నా కష్టమో ఈ నెలలోనే తేల్చేస్తాం. ఆ బ్రాంచి అధ్యాపకులకు జీతంతోపాటు కష్టభత్యం ఇస్తాం!" అని విద్యామంత్రిగారు ప్రకటించిన రోజున నేను కళ్లు తుడుచుకున్నాను. లోకంలో కష్టం పడ్డవాళ్లున్నారు గాని, దాన్ని కొలిచిన మహానుభావుడు ఇంతవరకు పుట్టలేదు. మంత్రిగారికి ఇంజనీరింగు బొత్తిగా రాదు. అంచేత ఏ బ్రాంచి మీదా పక్షపాతం లేదు.

మా మనవరాలు ఎలక్ట్రికల్ ఆఖరి సంవత్సరం. ఒక్క పేపరు గట్టెక్కితే ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఫలితాలు వచ్చాయి. క్లాసంతా ఫెయిలు. నన్ను వెంటబెట్టుకుని తన హెచ్‌వోడీ గదికి వెళ్లింది.

"నీ పేపరు నేనే దిద్దానమ్మా. ఒక్క తప్పు లేదు" అన్నాడాయన, ఎంతో ఆప్యాయంగా.

"మరి ఫెయిలెందుకు సార్?"

"తప్పుల్లేవు గనకే తల్లీ! నువ్వు పాసైతే మా బ్రాంచి తేలికనుకోరూ? అవతల మెకానికల్ వాళ్లు క్లాసు క్లాసంతా ముంచేశారు. నిన్ను ఒడ్డున పడేసి మేం మునగమంటావా?"

"నా ఉద్యోగం పోతుంది సార్."

"నీదొక్క ఉద్యోగం. ఇక్కడ డిపార్టుమెంటు మొత్తానికి భత్యం!"

తాను చెప్పే చదువు మీద అంత భక్తి నేనెక్కడా చూడలేదు. బయటికొచ్చాక మనవరాలు కాసేపు గోరు కొరికింది.

"తాతయ్యా, ఏ బ్రాంచి కష్టమో తేల్చే విచారణ రోజున నీకేం పని లేదుగా?"

"నాకు పనుండి ఎన్నేళ్లయిందే!"

విచారణకు మంత్రిగారే స్వయంగా కాలేజీకి వచ్చారు. నాలుగు బ్రాంచీల హెచ్‌వోడీలూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మేం కట్టింది కూలితే ఊరంతా చూస్తుంది సార్. తప్పు దాచుకునే వీల్లేని చదువు" అన్నాడు సివిలాయన.

"కూలితే ఎందుకు కూలిందో తెలుస్తుంది కదండీ. మాది నడిస్తే ఎందుకు నడిచిందో కూడా తెలీదు" అన్నాడు కంప్యూటరాయన.

మెకానికలాయన తలవంచి బట్టతల చూపించాడు. "చేరినప్పుడు వంకీల జుట్టండీ." మంత్రిగారు ఆ తలని చేత్తో తడిమి చూశారు.

"వీళ్లవన్నీ కంటికి కనపడేవే సార్. కరెంటు కనపడదు. కనపడిందా, చూసినవాడు ఉండడు" అన్నాడు మనవరాలి హెచ్‌వోడీ.

మంత్రిగారు సామాన్యులా? "పిల్లలు ఫెయిలైతే పిల్లలే మొద్దులు కావచ్చుగా. చదువు కష్టమనడానికి రుజువేదీ?" అని, నలుగురినీ అక్కడే ఎవరి పరీక్ష వాళ్లని రాయమన్నారు. పొరపాటున కూడా కలంలోంచి ఒప్పు జారకుండా నలుగురూ చెమటలు కక్కుతూ రాశారు. ముగ్గురికి సున్నా. కంప్యూటరాయనకి మాత్రం ఒక మార్కు పడింది. ఆయన భోరుమన్నాడు. "చెయ్యి జారింది సార్, నాకు నిజంగా ఏమీ రాదు!" మంత్రిగారు జాలిపడి అదీ కొట్టేశారు.

అందరూ సమానం. ఇక తీర్పు పైఅంతస్తు సభలో చెబుతానంటూ మంత్రిగారు ఆ నలుగురితో లిఫ్టెక్కారు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది. పక్కనున్న స్విచ్చుగది గుమ్మం పట్టుకుని పేగులు తెగేలా దగ్గాను.

"పాపం, ఆ పెద్దాయనకి మంచినీళ్లు తెండయ్యా!" అన్నారు దయామయులైన మంత్రిగారు, తలుపులు మూసుకుంటుండగా. స్విచ్చుగది కాపలావాడు నీళ్లకి పరిగెత్తాడు. లిఫ్టు కాస్త లేచి, మధ్యలో ఆగిపోయింది. మనవరాలు వచ్చి నా చేతిసంచి సర్దింది.

లోపల్నుంచి మాటలు వినపడ్డాయి.

"ఏమయ్యా మెకానికల్?"

"మోటారు తిరగాలంటే కరెంటు రావాలి సార్. మాది కాదు."

"ఎలక్ట్రికల్?"

"బటన్లు కంప్యూటర్ వాళ్లవి సార్."

"బిల్డింగు సివిల్ వాళ్లది కదండీ!" అన్నాడు కంప్యూటరాయన.

"గోడలు నిలబడే ఉన్నాయి. మా పని అక్కడితో సరి" అన్నాడు సివిలాయన.

మనవరాలు తలుపు తట్టింది. "నేను చూడనా సార్? ఎలక్ట్రికల్ స్టూడెంట్‌నే. కాకపోతే ఫెయిలయ్యాను. ఫెయిలైనవాళ్లు ముట్టుకోవచ్చో లేదో..."

"ఆ పిల్లని పాస్ చేయవయ్యా!"

"బ్రాంచి పరువు పోతుంది సార్!"

"చేసేయండి సార్, ఎలక్ట్రికల్ తేలికని మేం మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాం" అన్నారు తక్కిన ముగ్గురూ, జీవితంలో మొదటిసారి ఒక్కమాట మీద.

"పొద్దుట్నుంచి గ్లాసులకి గ్లాసులు మజ్జిగ తాగానయ్యా. నా బట్టలు తెల్లవి!" అని మంత్రిగారు కేకేశారు.

తలుపు సందులోంచి ఒక కాగితం జారింది. 'పాసు' అని ఉంది.

"తారీఖు వేయలేదు సార్" అని మనవరాలు లోపలికి తోసింది. తారీఖు వచ్చింది. "మంత్రిగారి సంతకం కూడా పడితే నిండుగా ఉంటుంది." అదీ పడింది.

కాగితం జాకెట్టులో దాచుకుని, నా సంచిలోంచి పిడికిలంత తెల్లటి వస్తువు తీసుకుని స్విచ్చుగదిలోకి వెళ్లొచ్చింది. లిఫ్టు కదిలింది.

మంత్రిగారు ముందు పరిగెత్తాల్సిన చోటికి పరిగెత్తి, తర్వాత సభకు వచ్చారు. "నలుగురు నిపుణులు తలలు బద్దలు కొట్టుకున్నా తెగని సమస్యను నా కళ్లతో చూశాను. ఈ చదువులన్నీ సమానంగా కష్టమే. అందరికీ భత్యం!" చప్పట్లు మోగాయి.

"లోపమేంటమ్మా?" అని హెచ్‌వోడీ మనవరాలి చెవిలో అడిగాడు.

"చాలా కష్టమైంది సార్."

"నేను చెప్పలా!"

వెళ్తూ వెళ్తూ మంత్రిగారు నా దగ్గర ఆగారు. "పెద్దాయనా, దగ్గెలా ఉంది?"

"ఫ్యూజు పెట్టగానే తగ్గింది బాబూ."

"మంచి మందులా ఉందే" అని, పేరు రాసుకోమని పీఏకి చెప్పారు.