కోచ్ పొరుగింటాయన

ఆ మంగళవారం పొద్దున లాంబర్ట్ వ్రోమన్ పెట్టుకున్న పని చిన్నదే. తెల్లవారకముందే లేచి, పక్కింటి ముందు మంచులో ‘ఈ ఇల్లు అమ్మబడును’ అనే బోర్డు పాతేసి, తిరిగొచ్చి కాఫీ పెట్టుకోవాలి. పక్కింట్లో ఉండేది గోర్డన్ టల్లీ, డాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్. పోర్ట్ హాలమ్ అనే ఆ ఊళ్లో జట్టు వరసగా ఓడిపోతే కోచ్ ఇంటి ముందు ఇలాంటి బోర్డు వెలవడం ఆనవాయితీ. ఇక దయచెయ్యవయ్యా అని మర్యాదగా చెప్పడమన్నమాట. ఆదివారం ఓటమి తర్వాత స్టెల్లా బార్‌లో జనమంతా కలిసి ఈ బోర్డు తయారుచేసి, పక్కింటివాడివి కాబట్టి నువ్వే పాతాలని లాంబర్ట్ చేతిలో పెట్టారు.

అభిప్రాయాలకు లాంబర్ట్ దగ్గర కొదవ లేదు. స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ వాటిని పిల్లలకు చెప్పాడు, భార్య ఉన్నన్నాళ్లూ ఆమెకు చెప్పాడు. ఆమె పోయాక రేడియోకు చెబుతున్నాడు. ప్రతి సోమవారం శ్రోతల కార్యక్రమానికి ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టకుండా రిసీవర్ మీద చేతిరుమాలు కప్పి, ‘వంతెన దగ్గరి ఎడ్‌’నంటూ మొదలుపెడతాడు. జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ రెమిక్ భుజం అరిగిపోయిందంటాడు. కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి వంతు చేతికొస్తే, అవతలివాళ్లను అడ్డుకునే దున్నపోతులాంటి ఆటగాణ్ణి తెచ్చుకోక, ఎండదేశం నుంచి బ్రూసార్డ్ అనే సుకుమారపు కుర్రాణ్ణి తెచ్చారంటాడు. తెచ్చినవాణ్ణి రెమిక్ బదులు ఆడించకుండా, పెట్టెలో పెళ్లిచీరలా బెంచీ మీద దాచడమేమిటంటాడు. చివరికి కోచ్‌ను వెళ్లగొట్టాలని ముగిస్తాడు.

ఇదంతా రేడియోలోనే. గోర్డన్ ఈ ఇంట్లో దిగిన మొదటిరోజు, కోచ్ ఎదురుగా నిలబడేసరికి తడబడి, తనకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదనేశాడు లాంబర్ట్. గోర్డన్ ముఖం వెలిగిపోయింది. ఈ ఊళ్లో తనకు సలహా చెప్పని మనిషి ఒకడు దొరికాడు. ఆనాటి నుంచి ఇద్దరూ రోజూ పొద్దున్నే పక్కపక్కన మంచు ఎత్తిపోసుకుంటూ, టమాటా మొక్కల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటారు. భార్య పోయాక లాంబర్ట్‌ను రోజూ పేరుపెట్టి పలకరించే మనిషి గోర్డన్ ఒక్కడే. ఆ పలకరింపు కోసమే ఆయన నిద్ర లేచేవాడు.

అయినా బార్ వాళ్ల మాట కాదనలేక బోర్డు పట్టుకుని వెళ్లాడు. నేల గడ్డకట్టి రాయిలా ఉంది. నాలుగు దెబ్బలు గట్టిగా వేసి, నిటారుగా ఉందో లేదో చూద్దామని రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనకనుంచి గోర్డన్ గొంతు వినిపించింది.

“ఏంటది, లాంబర్ట్?”

“ఎవరో పాతిపోయారు. పీకేస్తున్నాను,” అన్నాడు లాంబర్ట్.

గోర్డన్ వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. లాంబర్ట్ చేసే పని శ్రద్ధగా చేసే మనిషి కావడంతో, బోర్డు ఊడిరావడానికి చాలాసేపు పట్టింది.

గోర్డన్ భార్య నొరీన్ ఈ సంగతి చర్చిలో కళ్లనీళ్లతో చెప్పింది. ఊరంతా తమకు ఎదురు తిరిగినా ఒక్క పెద్దమనిషి తమకోసం చలిలో కాపలా కాస్తున్నాడని చెప్పి, లాంబర్ట్ ఇంటికి సూప్ గిన్నె పంపింది. సూప్ ఇంటికి చేరకముందే కబురు బార్‌కు చేరింది. లాంబర్ట్ వెళ్లేసరికి ఆయన స్టూలు మీద ఎవరో టోపీ పెట్టి ఉంది.

“ఏమోయ్, కోచ్‌గారి కాపలాదారూ, ఇక్కడ చోటు లేదు. సూప్ తాగి పడుకోపో,” అన్నాడు టోపీవాడు.

మర్నాటి నుంచి కోచ్ ఇంటి ముందు బోర్డులు రెట్టింపయ్యాయి. వచ్చిన పేరు నిలబెట్టుకోవడానికి లాంబర్ట్ రోజూ వాటిని పీకవలసి వచ్చింది. ఏది ఎవరి చేతిరాతో ఆయనకు తెలుసు. అన్నీ తన స్నేహితులవే. నడుము పట్టేసింది, బార్ పోయింది, సూప్‌లో ఉప్పు లేదు.

శనివారం మంచు ఎత్తిపోస్తూ గోర్డన్ పార ఆపాడు. రేపు ఓడితే తన పని అయిపోయినట్టేనని చెప్పాడు.

“మీకు ఆట తెలియదు కనుకనే అడుగుతున్నాను. ముసలి రెమిక్‌ను ఉంచమంటారా, కుర్రాణ్ణి దింపమంటారా?”

బతుకంతా ఎదురుచూసిన ప్రశ్న అది. లాంబర్ట్ ఏమీ తెలియనివాడిలా కాసేపు ఆకాశంకేసి చూశాడు.

“నాకేం తెలుసు? కుర్రాడైతే చురుగ్గా ఉంటాడేమో,” అన్నాడు.

ఆదివారం కుర్రాడు దిగాడు. మొదటి బంతిని ఎంత అందంగా విసిరాడంటే, ఇంట్లో ఒంటరిగా టీవీ చూస్తున్న లాంబర్ట్ కళ్లు చెమర్చాయి. తర్వాత మంచు మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక బ్రూసార్డ్ మంచులో ఆడింది లేదు. వేళ్లు కొయ్యబారి, బంతిని కొన్నిసార్లు తన కాళ్లమీద, ఎక్కువసార్లు అవతలి జట్టు చేతుల్లో వేశాడు. అంత ఘోరంగా డాకర్స్ ఎన్నడూ ఓడలేదు. ఆ సాయంత్రం జట్టు యజమాని, కోచ్ మీద తనకు సంపూర్ణ విశ్వాసం ఉందని ప్రకటించాడు. దాంతో ఊళ్లో ఎవరికీ సందేహం మిగలలేదు. మర్నాడు గోర్డన్ ఉద్యోగం ఊడింది.

ఆ వారం చివర్లో గోర్డన్ తన ఇంటి ముందు తానే బోర్డు పాతుతున్నాడు. లాంబర్ట్ పాతిన మొదటి బోర్డే. బాగా చేసినది, పారెయ్యడమెందుకని గ్యారేజీలో దాచాడట. లాంబర్ట్ వెళ్లి పట్టుకున్నాడు.

“నేనలా చెప్పకుండా ఉండాల్సింది,” అన్నాడు.

“మీ మాట ఒక్కటే అయితే వినేవాణ్ణి కాదండీ. రేడియోలో ఎడ్ అని ఒకడున్నాడు, సెప్టెంబరు నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు. వాడూ అదే అంటాడు. ఆటంటే పిచ్చి ఉన్నవాడూ, ఆట తెలియనివాడూ ఒకే మాటంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను.”

లాంబర్ట్ ఆ ఎడ్ ఎవడో తెలిస్తే ఏం చేస్తారని అడిగాడు.

“ఏం చేస్తాను? పాపం, ఇంట్లో మాట్లాడ్డానికి ఎవరూ లేనివాడై ఉంటాడు,” అని గోర్డన్ సుత్తి ఎత్తాడు.

చెప్పేద్దామని లాంబర్ట్ నోరు తెరిచాడు. బోర్డు కాస్త ఎడమకు వాలిందన్నాడు. నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ అయింది. పక్కవాకిట్లో మంచు ఎత్తేవాళ్లు లేక, తన వాకిట్లోది కూడా ఎత్తబుద్ధి కాలేదు లాంబర్ట్‌కు.

సోమవారం రాగానే వంతెన దగ్గరి ఎడ్ రేడియోకు ఫోన్ చేసి, గోర్డన్ టల్లీ లాంటి మంచి కోచ్‌కు కుర్రాణ్ణి దింపమని సలహా ఇచ్చిన వెధవ ఎవడో తేల్చి తీరాలన్నాడు.