వంకలత్త వంక పెట్టని బండి

శనివారం పదిన్నరకి వెళ్ళి పాత కారు చూడడం, పదకొండింటికి ముఖం చిట్లించడం, పదకొండున్నరకి ‘పోనీలే పాపం’ అన్నట్టుగా కొనేయడం. ఇదీ లైబ్రేరియన్ వేసుకున్న పథకం. అందులో చూడడం, కొనడం అతని వంతు. చిట్లించడం మేనత్త వంతు.

ఆమెను వీధి వీధంతా వంకలత్త అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పేరు పెట్టినవాడికి ఊహ బొత్తిగా తక్కువని దానికీ ఒక వంక పెట్టింది. అక్కడ ఎవరు ఏం కొనాలన్నా ముందు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. బీరువా కానీ, కుట్టుమిషను కానీ, ఆమె చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు మాటలంటే చాలు, అమ్మేవాడే కొనేవాడికి క్షమాపణ చెప్పుకునేవాడు. ఫ్రిజ్జుల కొట్టాయన అయితే ఆమె మాటలు విన్నాక తన ఇంట్లో ఫ్రిజ్జు కూడా మార్చేశాడని చెప్పుకుంటారు.

లైబ్రేరియన్‌కి ఆ కారు ఎందుకు కావాలో మాత్రం ఆమెకు తెలియదు. అతని తండ్రి ఒక కాంట్రాక్టరు దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు డ్రైవరుగా చేశాడు. నడిపింది సరిగ్గా ఇదే రకం బండి. గుండ్రటి దీపాలు, బోర్లించిన మూకుడులాంటి కప్పు. రోజూ తెల్లారకముందే దాన్ని తుడిచి, యజమాని రాగానే వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడేవాడు. తలుపు తీసిన ఆ చేతి కష్టం మీదే ఆ ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ వచ్చింది. కానీ ఆ వెనక సీట్లో ఆయన ఒక్కసారీ కూర్చోలేదు. పై వారం ఆదివారం ఆయనకు డెబ్భై నిండుతాయి. ఆ రోజు తలుపు తను తీసి పట్టుకోవాలి, నాన్న వెనక కూర్చోవాలి. ఈ కోరిక అతను ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెబితే దానికీ వంకలు పడతాయని భయం.

శనివారం పొద్దున్నే అత్త హెచ్చరికలు మొదలుపెట్టింది.

“ఒరేయ్, అక్కడ నువ్వు నోరు విప్పకు. నీకేదైనా నచ్చిందంటే చిన్నప్పట్నుంచీ కళ్ళు ఇంతింత చేస్తావు. వాడు రేటు పెంచేస్తాడు. ఆవలిస్తూ నిలబడు, చాలు.”

“అలాగే అత్తయ్యా. ఇద్దరం కలిసి వెళ్దామా మరి?”

“నువ్వు పద. నాకు వేరే పనుంది. అది చూసుకుని అట్నుంచటే వస్తా.”

“ఏం పని?”

“అన్నీ నీకే కావాలి!”

ఆ పని పళ్ళ డాక్టరు దగ్గర. డెబ్భై మూడేళ్ళకీ ముప్పై రెండూ సొంత పళ్ళేనని ఊరంతా చాటుకున్న మనిషి ఆమె. పక్కింటావిడ కట్టుడు పళ్ళ మీద ఆమె వేసిన ఛలోక్తులు వీధిలో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. అలాంటిది, దవడ పన్ను పది రోజులుగా సలుపుతోందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? తొమ్మిదిన్నరకి రహస్యంగా పీకించుకుంది. డాక్టరు నోట్లో దూది కుక్కి, “మధ్యాహ్నం దాకా సగం మొహం మొద్దుబారి ఉంటుంది. దూది ఉమ్మకండి, మాట్లాడకండి” అన్నాడు. మాట్లాడకుండా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

కారు షెడ్డులో బండి అమ్మే మేస్త్రీ ఎదురు చూస్తున్నాడు. బండి పని సగమే అయింది. ఎడమ పక్క ముదురెరుపు రంగు వేసి అద్దంలా రుద్దాడు. కుడి పక్క ఇంకా తుప్పే. అందుకే ఆ పక్కను గోడకి ఆనించి నిలబెట్టాడు. పెట్రోలు ట్యాంకు విప్పేసి ఉంది. దాని బదులు బానెట్టు దగ్గర ఒక సీసా వేలాడుతోంది. వచ్చేది వంకలత్త అని తెలిసి, ఆమె పెట్టబోయే ప్రతి వంకకీ ఒక జవాబు రాత్రంతా బట్టీపట్టాడు.

పదిన్నరకి ఆమె వచ్చింది. బండిని చూసింది. ఏమీ అనలేదు.

ఒక నిమిషం గడిచింది. జవాబులన్నీ చదువుకొచ్చాక ఖాళీ ప్రశ్నపత్రం చేతికిచ్చినట్టుంది మేస్త్రీకి. “చూడండమ్మా, రంగు... కంపెనీ రంగే” అన్నాడు. ఆమె మెల్లగా ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుంది.

మేస్త్రీ ఆమె కళ్ళ వెంటే తన కళ్ళు తిప్పాడు. ఆమె చూపు సరిగ్గా వెనక తలుపు మీదే ఉంది.

“కనిపెట్టేశారా అమ్మా? నిజమే, ఆ తలుపు ఈ బండిది కాదు. ఇంకో బండిది తెచ్చి బిగించా. కానీ బందులు కొత్తవి. కావాలంటే చూడండి!” అంటూ గబగబా తలుపు ఊడదీసి పక్కన పెట్టాడు.

లైబ్రేరియన్ లెక్క వేరేగా ఉంది. అత్త వంక పెట్టడం లేదంటే బండి ఆమెకు నచ్చేసిందన్నమాట! ఇక రేటు ఆకాశానికే. తనే ఏదో ఒకటి చెయ్యాలని ఆవలింత మానేసి రంగంలోకి దిగాడు.

“ఈ స్టీరింగు... మరీ గుండ్రంగా ఉంది” అన్నాడు.

మేస్త్రీ వంగి స్టీరింగు చూశాడు.

“చక్రాలు కూడా నాలుగే ఉన్నాయి.”

“ఐదోది డిక్కీలో ఉంది సార్.”

పుస్తకంలో చదివిన చిట్కా ఒకటి అతనికి గుర్తొచ్చింది. జేబులోంచి అయస్కాంతం తీసి ఎర్రటి రేకు మీద పెట్టాడు. అది టప్పున కిందపడింది. అదే క్షణంలో మత్తు ఒక పక్కనుంచి దిగడం మొదలై, నొప్పికి అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అయ్యో, కళ్ళు మూసుకోకండమ్మా!” మేస్త్రీ చేతులు జోడించాడు. “అక్కడ రేకు తక్కువ, పుట్టీ ఎక్కువ. ఒప్పుకుంటున్నా. ఇంజన్ని కూడా అనుమానించకండి, చూపించేస్తా!” బానెట్టు ఊడి వచ్చింది. ఆమె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. “వాసనా? ఆ సీటు కిందే ఎలకలు కాపురం పెట్టాయమ్మా!” వెనక సీటు ఊడి వచ్చింది. అడగకుండా నేరం ఒప్పుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. మేస్త్రీకి ఆ రుచి తగిలింది. బ్రేకు అంతంత మాత్రమేనని, హారను వాన పడితే దానంతటదే మోగుతుందని వరసపెట్టి చెప్పేస్తున్నాడు.

అప్పుడే ఫోటో స్టూడియో ఆయన వచ్చాడు. ముందు రోజే ఈ బండిని బేరమాడి వెళ్ళిన మనిషి. వస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. వంకలత్త బండి ముందు నిలబడి ఉంది. నోట మాట లేదు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

“ఈవిడ ఏడుస్తోందంటే...” అన్నాడు లోగొంతుకతో. “మేస్త్రీ! బండి నాదే. నువ్వెంతంటే అంత.”

“బ్రేకు లేదు సార్!”

“నేను నడపనుగా. నిలబెట్టి, పక్కన కొత్త జంటలని నిలబెట్టి ఫోటోలు తీస్తా.”

“అటుపక్కంతా తుప్పు సార్!”

“ఫోటోలో ఒక పక్కే పడుతుందయ్యా!”

లైబ్రేరియన్ ఇద్దరి మధ్యకీ దూసుకొచ్చాడు. పథకం గాలికి పోయింది. “నాకివ్వు మేస్త్రీ” అన్నాడు, కళ్ళు ఇంతింత చేసుకుని. “మా నాన్న ఇలాంటి బండి ఇరవై ఎనిమిదేళ్ళు తుడిచాడు, నడిపాడు. ఎవరికోసమో తలుపు తీసి పట్టుకున్నాడు. ఒక్కసారి ఆయన్ని వెనక కూర్చోబెట్టాలి. అందుకే ఇదంతా.”

వంకలత్త ఉలిక్కిపడి మేనల్లుడి వైపు తిరిగింది. తన తమ్ముడి కోసమా! ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చు కదా అందామని డాక్టరు హెచ్చరిక మరిచి నోరు తెరిచింది.

“అఘ... ఫు... భో...” అంది.

నోరు ఒక పక్కకు జారి ఉంది. పెదవి చివరనుంచి సొంగ కారింది.

“పక్షవాతం!” అని ముగ్గురూ ఒకేసారి అరిచారు.

కాదు కాదని ఆమె చేతులు ఊపింది. చేతులు కూడా కొట్టుకుంటున్నాయన్నాడు ఫోటో ఆయన. ఆటో కోసం వెతికే వ్యవధి లేదు. ఎదురుగా ఉన్నది ఒక్కటే బండి. వెనక సీటు లేదు కాబట్టి ఆమెను ఎత్తి ముందు సీట్లో కుదేశారు. పెట్రోలు సీసా చేత్తో పట్టుకుని మేస్త్రీ ముందు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. బేరం ఎక్కడ చేజారుతుందోనని ఫోటో ఆయన వెనక చతికిలబడి, ఊడిన తలుపును దాని స్థానంలో రెండు చేతులా పట్టుకున్నాడు. స్టీరింగు లైబ్రేరియన్‌ది. మూడు నెలలుగా స్టార్టవని బండి భయానికో ఏమో తాళం ఒక్కసారి తిప్పగానే లేచింది.

రెండు వీధులు దాటాక ఒక కూరగాయల బండి, ఒక సైకిలు, నిదానంగా నడిచే ఒక పెద్దమనిషి పక్కకి తప్పుకున్నారు. బండి మాత్రం దేనికీ తప్పుకోలేదు. చివరికి ఆసుపత్రి దారిలోనే ఉన్న లైబ్రేరియన్ ఇంటి ముందు ఎత్తు మీద దగ్గి ఆగిపోయింది. గేటు దగ్గర పేపరు చదువుతున్న తండ్రి తలెత్తాడు.

“నాన్నా! అత్తయ్యకి పక్షవాతం!”

ఆయన పేపరు మడిచి పెట్టాడు. కొడుకుని వెనక్కి నెట్టాడు. స్టీరింగు మీద చెయ్యి పడగానే ఆయన వయసు ఎటో పోయింది. “చోక్ లాగకుండా ఎత్తెక్కిస్తార్రా?” అంటూ ఒకే ఒక్క దమ్ములో స్టార్టు చేశాడు. బ్రేకు లేదని మడ్‌గార్డు మీంచి మేస్త్రీ అరిచాడు. “ఉంటే వాడేవాణ్ణి” అన్నాడు ఆయన. గేరు తగ్గిస్తూ, హ్యాండుబ్రేకు లాగుతూ, సందుల్లోంచి దారంలా తీసుకెళ్ళి ఆసుపత్రి మెట్లకు జానెడు దూరంలో ఆపాడు.

ఆ మెట్ల మీదే పళ్ళ డాక్టరు నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. పళ్ళ విభాగం కింది అంతస్తులోనే.

“అమ్మగారూ, అప్పుడే వచ్చేశారేం? పన్ను పీకిన చోట రక్తం ఆగలేదా? మాట్లాడొద్దన్నాను కదా!”

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఆకాశం వైపు చూసింది. రహస్యం ఎలాగూ బయటపడింది. మత్తూ దాదాపు దిగింది. దూది తీసి రుమాల్లో పెట్టుకుని, ఉదయం నుంచీ నిల్వ ఉన్న సరుకంతా ఒక్కసారిగా విప్పింది.

“తలుపు అరువుది, రేకు మట్టిది, బ్రేకు మాటకి ఉంది, సీటు కింద ఎలకల సత్రం! మేస్త్రీ, దీన్ని బండి అంటే బండ్లకి కోపం వస్తుంది! ఇక నువ్వు,” ఫోటో ఆయన వైపు తిరిగింది, “ఆ తలుపు ఇంకా ఎందుకయ్యా కౌగిలించుకున్నావు?”

ఫోటో ఆయన తలుపు కింద పెట్టాడు. “నాకు నిలబడే బండి కావాలండీ. ఇది నిలబడట్లేదు” అని చెప్పి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మేస్త్రీ ధర సగానికి తనే తగ్గించుకుని, వారం రోజుల్లో బ్రేకు, తలుపు, సీటు బిగించి ఇస్తానని మాటిచ్చాడు. చెప్పినట్టే ఇచ్చాడు కూడా.

ఆదివారం ఉదయం ఇంటి ముందు లైబ్రేరియన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. “కూర్చో నాన్నా” అన్నాడు.

తండ్రి ఆ తలుపునీ, కొడుకునీ కాసేపు చూశాడు. కొడుకు భుజం తట్టి, అటు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

“ఇరవై ఎనిమిదేళ్ళు ఇంకొకళ్ళ బండి నడిపానురా. ఇవాళ మన బండి. ఇది కూడా నన్ను నడపనివ్వవా?”

కొడుకు తలుపు అలాగే పట్టుకుని ఉన్నాడు. తెరిచిన తలుపులోంచి వంకలత్త ఎక్కి దర్జాగా కూర్చుంది. చేసేదిలేక అతనూ ఆమె పక్కన ఇరుక్కున్నాడు.

“తమ్ముడూ, ఎడమకి మరీ దగ్గరగా పోతున్నావు. ఆ హారనేంట్రా, మేక తుమ్మినట్టు? మలుపులో చెయ్యి చూపించవా? ఈ సీటు స్ప్రింగు నా నడుములో దిగుతోంది...”

“మా కాంట్రాక్టరు గారు ఇరవై ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదక్కా” అన్నాడు తండ్రి, అద్దంలో నవ్వుతూ.

ఆ ప్రయాణం గంటసేపు సాగింది. ఇల్లు చేరగానే లైబ్రేరియన్ పళ్ళ డాక్టరుకి ఫోను చేసి, అత్తయ్యకి మిగిలిన ముప్పై ఒకటీ ఒకసారి చూడడానికి ఎప్పుడు వీలవుతుందని అడిగాడు.