వందేళ్లు భద్రపరచిన అర్జీ

తన మల్బరీ తోట కమిషనర్ మల్లికార్జున్ గారి వల్లనే పోయిందని కదిరప్ప కనబడినవాడికల్లా చెప్పుకుంటున్నాడు. ఇది శుద్ధ అన్యాయం. మల్లికార్జున్ గారు బెంగళూరులో భూపత్రాల క్లౌడ్ విభాగాన్ని ఏలుతున్న పెద్దమనిషి. సర్వీసులో ఒక్కరి ఫైలు కూడా ముట్టుకున్న పాపాన పోలేదు. ముట్టుకోనందుకే ఆయనకు రెండు అవార్డులు వచ్చాయి.

మొదటి అవార్డు తెచ్చిన పథకాన్ని ఆయన ఒక పెద్ద హోటల్లో పత్రికలవాళ్లను పిలిచి, భోజనం పెట్టి మరీ ప్రకటించారు.

"ఇకమీదట మా విభాగంలో చెత్త ఉండదు. తొంభై రోజులు ఎవ్వరూ ఓపెన్ చెయ్యని ఫైల్‌ని సిస్టమే కనిపెట్టి, సిస్టమే డిలీట్ చేస్తుంది. మనిషి చెయ్యి పడదు. ఫుల్లీ ఆటోమేటిక్!"

"ఓపెన్ చెయ్యనంత మాత్రాన అది అక్కర్లేని ఫైలని ఎట్లా చెప్తారు సార్?" అని ఒక కుర్ర విలేకరి లేచాడు.

"అక్కర ఉంటే మావాళ్లు ఓపెన్ చేసేవాళ్లు కదమ్మా!"

చప్పట్లు మోగాయి. ఆ విలేకరికి బిర్యానీ ఇంకొంచెం వడ్డించారు.

ఆ జవాబులోని లోతు అందాలంటే ఆ ఆఫీసు ఆచారం తెలిసుండాలి. అక్కడ అర్జీ తెరిచినవాడి పేరు కంప్యూటర్లో పడుతుంది. పేరు పడినవాడే దానికి జవాబు చెప్పుకోవాలి. అందుకని సంసారం ఉన్నవాడెవడూ అర్జీ తెరవడు. పథకం మొదలైన తొంభై ఒకటో రోజు పొద్దుటికల్లా, ఏళ్ల తరబడి పేరుకుపోయిన నలభై వేల అర్జీలు చీపురు పెట్టి ఊడ్చినట్టు పోయాయి. పెండింగ్ సున్నా. అవార్డు ఇచ్చేవాళ్లు అడ్రసు కనుక్కుని మరీ వచ్చారు.

ఆ నలభై వేలలో ఒకటి కదిరప్పది.

కదిరప్పకు దొడ్డబళ్ళాపురం దగ్గర తాత నాటి రెండు ఎకరాల పదమూడు గుంటల తోట ఉంది. పాత పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు, తోట ఎవరిదో రాసిన చోట చెదలు తిన్నాయో, సిరా చెదిరిందో తెలియదు. ఎక్కించినవాడు మాత్రం సత్యవంతుడు. ఉన్నది ఉన్నట్టుగా "పేరు కనబడలేదు" అని కొట్టాడు. తండ్రి పేరు దగ్గర "పై ప్రకారమే" అన్నాడు. అప్పట్నుంచి పహాణిలో, అంటే భూమి ఎవరిదో చెప్పే సర్కారు కాగితంలో, ఆ తోట ఆసామి పేరు అదే.

పట్టుపురుగులు పహాణి అడగవు కాబట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. కానీ మొన్నామధ్య ఎవరో టేపులు పట్టుకొచ్చి గట్టు వెంబడి పసుపు రాళ్లు పాతిపోయారు. సర్కారు పనికి స్థలం కావాలట. ఒద్దనేవాడు ఆరు నెలల్లో వచ్చి చెప్పుకోవాలట. ఆ చెప్పుకునేవాడు పహాణిలో పేరున్నవాడే అయ్యుండాలట.

కదిరప్ప బస్సెక్కి బెంగళూరు పరుగెత్తాడు. గుమాస్తా దేవరాజ్ కాఫీ తాగుతున్నాడు.

"దేవరాజప్పా, నా అర్జీ ఏమాయె?"

"ఏ అర్జీ?"

"నాలుగేండ్ల కిందట నీ చేతికే ఇస్తిని కదప్పా. పహాణిలో పేరు సరిచేయమని."

దేవరాజ్ నాలుగు మీటలు నొక్కి మొహం వెలిగించాడు. "నీది క్లీన్ అయిపోయింది కదిరప్పా. పెండింగ్‌లో లేదు. హాయిగా ఊరికి పో."

"పని కాలేదు కదప్పా!"

"కాని పనులైతే ఈడ కనబడతాయి. నీది కనబడలేదంటే అయిపోయినట్టే లెక్క."

"సరే, ఇంకోటి రాసిస్తా. ఈసారన్నా తెరిచి చూస్తావా?"

దేవరాజ్ నొచ్చుకున్నాడు. కప్పు కింద పెట్టి, "నాకు ఇద్దరు ఆడబిడ్డలు ఉండారు. నీకేం ద్రోహం చేస్తినప్పా నేను?" అన్నాడు.

ఆ సిస్టమ్ తయారుచేసిన కాంట్రాక్టు కంపెనీ తరఫున, నగరం అంచున ఉన్న హూడి నుంచి శ్రీజ అనే అమ్మాయి వచ్చి హెల్ప్ డెస్క్‌లో కూర్చుంటుంది. సొంతూరు గుంటూరు. ఇదంతా విని, కదిరప్పను పక్కకు పిలిచింది.

"సారీ అంకుల్, ఆ రూల్ రాసింది నేనే. వాళ్లు అడిగారు, నేను రాశా. అందులో ఏముందో సిస్టమ్ చదవదండీ. ఎవరైనా ఓపెన్ చేశారా లేదా, అంతే. మూణ్ణెల్లకి ఒక్క క్లిక్ పడితే మీ ఫైల్ సేఫ్."

"ఆ ఒక్కటి ఎవరు నొక్కుతారమ్మా?"

"వీళ్లు ఏ ఫైల్ అయితే ఓపెన్ చేస్తారో చెప్పండి మరి!"

కదిరప్ప చదివింది ఆరో తరగతే. కానీ ఆ ఆఫీసు బెంచీ మీద నాలుగేళ్లు కూర్చున్నాడు. ఎక్కువసేపు ఆలోచించలేదు. కొత్త అర్జీని ఎక్కించేటప్పుడు, ఫైలు పేరు రాసే చోట ఆ అమ్మాయి చేత ఇట్లా కొట్టించాడు: "వచ్చే సంవత్సరం సెలవుల పట్టిక – సవరించినది".

పదకొండింటికి ఎక్కింది. భోజనాల వేళకు మూడు వందల మంది తెరిచారు. మొదటివాడు దేవరాజే.

"థూ నీ! సెలవులని తెరిస్తే నీ మల్బరీ తోట ఉండాది కదయ్యా!"

"చదివితివా అప్పా?"

"కడాకి అన్నా దసరా సెలవులు ఉంటాయేమోనని అంతా చదివితి!"

"చదివితివి కదా, ఇంక పేరు సరిచెయ్యి."

"అట్లెట్లయితాది? పైన సెలవుల పట్టిక అని ఉండాది. సెలవులు నా సెక్షన్ కాదప్పా."

తను మోసపోయినట్టు దేవరాజ్ ఎవరికీ చెప్పలేదు. ఫైలును పక్క సెక్షన్‌కు పంపాడు. వాళ్లు పై అంతస్తుకు పంపారు, పై అంతస్తు జిల్లాలకు పంపింది. ఒంటరిగా మోసపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. వారం తిరక్కుండా కదిరప్ప గోడును ముప్పై వేల మంది సర్కారు ఉద్యోగులు ఆసాంతం చదివారు. అందరూ తిట్టుకున్నారు, సెలవులు లేవని.

ఆ అంకె చూసి మల్లికార్జున్ గారు కదిలిపోయారు. కదిరప్పను ఛాంబర్‌కు పిలిపించి, ఎదురుగా కుర్చీ వేయించారు.

"నువ్వేనా కదిరప్ప అంటే? మా డిపార్ట్‌మెంట్ పుట్టాక ఇంతమంది చదివిన డాక్యుమెంట్ ఇంకోటి లేదయ్యా! పోతే మళ్లీ దొరుకుతుందా? అందుకే లాక్ వేయించాను. వందేళ్లు. ఇక నేను తల్లకిందులైనా దాన్ని డిలీట్ చెయ్యలేను."

"దాచిపెట్టకున్నా పర్లేదు సారూ. పహాణిలో నా పేరు ఎక్కిస్తే చాలు."

"ఎక్కించమని ఆర్డర్ రాయాలంటే ఆ ఫైల్‌లోనే రాయాలి. లాక్ పడ్డాక అందులో అక్షరం కదలదు. ఇప్పుడు 'పరిశీలనలో ఉన్నది' అనుంది కదా? వందేళ్లూ పరిశీలనలోనే ఉంటుంది. ఇంత శ్రద్ధ ఎవరి అర్జీకి దక్కింది చెప్పు?"

"ఇంకో అర్జీ ఇస్తా సారూ."

"ఒకే తోటకు రెండా? డూప్లికేట్‌ని సిస్టమ్ నిమిషంలో ఎగరగొట్టేస్తుంది."

"తోట తీసుకుంటారంట సారూ! ఒద్దని చెప్పేకి నాకు పేరు లేదు. ఇంక నాలుగు నెలలే ఉండాది గడువు!"

మల్లికార్జున్ గారు జాలిపడ్డారు. "భూమి వేరే శాఖ కదయ్యా. నాది క్లౌడ్," అని టీ ఇప్పించారు. నెల తిరక్కుండా, రైతు అర్జీని వందేళ్లకు భద్రపరచినందుకు రెండో అవార్డు వచ్చింది.

నాలుగు నెలలూ గడిచాయి. మధ్యలో కదిరప్ప ఇంకో ఏడు అర్జీలు పెట్టాడు. ఏడింటినీ సిస్టమ్ నిమిషంలో ఎగరగొట్టింది.

ఒకరోజు ఆఫీసు కారు ఇంటి ముందుకొచ్చి ఆగింది. దేవరాజ్ శాలువాతో దిగాడు.

"ఎక్కు కదిరప్పా! కమిషనర్ సారు పిలుస్తుండాడు. ఈపొద్దు నువ్వే ముఖ్య అతిథి!"

"పేరు ఎక్కించినారా అప్పా?"

"ఎక్కించినారు! ఇంత పెద్ద అక్షరాలతో ఎక్కించినారు. రా, చూద్దువు గానీ."

కదిరప్ప భార్య ప్రేమకుమారి పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడిగింది. కారు ఎంతో దూరం పోలేదు. తోట దగ్గరే ఆగింది. మల్బరీ కొట్టేసి చదును చేసిన చోట షామియానా వేశారు. మైకు ముందు మల్లికార్జున్ గారు నిలబడి ఉన్నారు.

"వందేళ్లు ఫైల్ దాచాలంటే వందేళ్లు నిలబడే డేటా భవనం కావాలి. అడగ్గానే సర్కారు ఈ స్థలం చూపించింది. ఆరు నెలల్లో ఒక్క అభ్యంతరం రాలేదు! ఈ స్థలం ఆసామి ఎవరో గానీ, ఎంత నిరాడంబరుడంటే, ముందుకొచ్చి ఫలానావాణ్ణని కూడా చెప్పుకోలేదు. ఆ మహానుభావుడికి ఒక్కసారి చప్పట్లు!"

అందరూ కొట్టారు. పక్కవాళ్లను చూసి కదిరప్ప కూడా రెండు కొట్టాడు.

తర్వాత కదిరప్ప భుజాన శాలువా కప్పి, చేతికి తాడు అందించారు. లాగితే తెర పక్కకు జరిగింది. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు. దేవరాజ్ చెప్పింది అబద్ధం కాదు. తండ్రి పేరులో కూడా ఒక్క తప్పు లేదు. కదిరప్ప వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైనుంచి కిందికి చదివాడు.

"ఈ భవనంలో భద్రపరచు తొలి అర్జీ: కదిరప్ప, తండ్రి నంజుండప్ప. స్థలం: సర్వే నంబరు 112/3, రెండు ఎకరాల పదమూడు గుంటలు."