మీటరయ్య ఇంటి మీటలు

కరెంటు ఆఫీసులో మీటర్లు చూసే పనిలో ఇరవై ఏళ్ళు గడిపిన మనిషికి లోకమంతా దొంగ కనెక్షనులాగే కనిపిస్తుంది. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, ఏ పాపం ఎరగనివాళ్ళు కూడా ఒకసారి తమ ఇంటి తీగల వైపు చూసుకునేవారు. అందరూ ఆయన్ని మీటరయ్య అనేవారు. అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో భద్రంగా ఉంది, దాన్ని ఎవరూ వాడలేదు.

అనుమానం పెనుభూతం అంటారు. మీటరయ్య ఇంట్లో ఆ భూతానికి ఒక కుర్చీ, ఒక కంచం విడిగా ఉండేవి.

ఈసారి అనుమానం సొంత మీటరు మీదే పుట్టింది. పొద్దున బయల్దేరే ముందు ఒకసారి, సాయంత్రం చెప్పులు విప్పకముందే ఒకసారి ఇంటి మీటరు చూడటం ఆయన అలవాటు. నెల రోజులుగా పగటిపూట అర యూనిట్ ఎక్కువ తిరుగుతోంది. ఫ్రిజ్జును విచారించాడు. ఇస్త్రీపెట్టెను విచారించాడు. వెనక గదిలో భార్య కుట్టుమిషను కాలితో తొక్కేది, దానికి కరెంటుతో పని లేదు. ఆమె నెత్తిన రోజంతా వెలిగే ట్యూబులైటు ఎంత తింటుందో ఆయనకు కంఠతా వచ్చు. అన్నీ నిర్దోషులుగా తేలాక మిగిలింది ముందు గదిలో కిటికీని ఆనుకుని ఉన్న పిన్‌బాల్ యంత్రం ఒక్కటే.

అది నాలుగు కాళ్ళ మీద ఏటవాలుగా నిలబడ్డ అద్దాల పెట్టె. స్ప్రింగు లాగి వదిలితే ఇనప గోళీ పైకి దూసుకుపోయి, దీపాలకూ గంటలకూ తగులుతూ కిందికి జారుతుంది. అది గోతిలో పడకుండా రెండు పక్కలా మీటలు నొక్కుతూ తిప్పికొట్టాలి. యాభై ఏళ్ళ నాటి సరుకు. ఏదో క్లబ్బు మూసేస్తుంటే మోజుపడి తెచ్చుకున్నాడు. వచ్చిన రోజున భార్య, ఇది ఏం పని చేస్తుందని అడిగింది. ఏ పనీ చేయదన్నాడాయన. "పోనీలెండి, మీకు తోడు దొరికింది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

వెళ్ళింది గానీ మరిచిపోలేదు. ఆ ఇంట్లో సరైన వెలుతురు వచ్చే కిటికీ అదొక్కటే. బట్టలు కుట్టే మనిషి వెనక గదిలో కూర్చుని నల్లదారమేదో, ముదురు నీలం దారమేదో తేల్చుకోలేక అవస్థ పడేది. ఒక ప్లీడరుగారి నల్లకోటుకు అంచంతా నీలం దారంతో కుట్టి పంపితే, ఆయన దాన్ని చేత్తో పట్టుకుని తిరిగి వచ్చాడు. ఆ రోజు ఆమె నిజంగా ఏడ్చింది.

కిటికీ సంగతి ఎత్తినప్పుడల్లా మీటరయ్య గోడకు అంటించిన అట్ట చూపించేవాడు. దాని మీద 48,720 అని రాసి ఉంది. ఆయన రికార్డు. తొమ్మిదేళ్ళ కిందట చుట్టాలందరి ముందు తొడగొట్టి మరీ అన్నాడు, ఈ ఇంట్లో ఎవరు దీన్ని దాటితే వాళ్ళు పెట్టమన్న చోట యంత్రం పెడతానని. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ ధైర్యం అంతా ఎవరూ దాటలేరన్న నమ్మకం మీదే.

ఇప్పుడు ఆ నమ్మకానికి చెద పట్టింది. తాను లేనప్పుడు భార్య సాధన చేస్తోందన్నమాట.

"మధ్యాహ్నాలు ఏం చేస్తున్నావు?" అని ఒక సాయంత్రం మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"కుట్టుకుంటున్నాను."

"ఎడమ మీట మీద ఎర్రదారం పోగు దొరికింది."

"ఈ ఇంట్లో దారం దొరకని చోటు ఏదో చెప్పండి. మొన్న మీ మీసంలో దొరికింది. అంటే నేను మీ మీసంతో ఆడుకున్నట్టా?"

మీసం తడుముకుంటూ మీటరయ్య తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. ముందు గదిలో వాలుకుర్చీ ఆవిడ స్థానం. టీ గ్లాసు పట్టుకుంటే సగం నోటికి, సగం నేలకు. చూపు మసక. కోడలు కుట్టిన బట్టల్లో కచ్చాకుట్లు వేళ్ళతో తడిమి విప్పిపెట్టడం ఒక్కటే ఆవిడ పని. కోడలు యంత్రం ముట్టుకుంటుందేమో ఒక కన్నేసి ఉంచమని ఆవిడ చెవిలో చెప్పాడు. ఉన్నదే ఒకటిన్నర కన్ను, అదే వేస్తానని ఆవిడ మాట ఇచ్చింది. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం ఒకే నివేదిక, కోడలు దాని ఛాయలకైనా రాలేదని. మీటరు మాత్రం రోజూ అర యూనిట్ అంటూనే ఉంది. తల్లి అబద్ధమాడదు, మీటరు అబద్ధమాడదు. మీటరయ్యకు తిండి సయించడం మానేసింది.

అలా ఉండగా ఒక ఆదివారం పొద్దున భార్యే మాట కదిపింది.

"ఏమండీ, దాంట్లో సగం దీపాలు పోయినట్టున్నాయి. ఎల్‌ఈడీలు వేయించకూడదూ?"

మీటరయ్య చేతిలోని పేపరు కిందికి జారింది. తొమ్మిదేళ్ళుగా యంత్రాన్ని సవతిలా చూసిన మనిషికి ఇంత ప్రేమ ఎక్కడిది?

"అమ్మాయి చెప్పింది బాగానే ఉందిరా" అంది తల్లి వాలుకుర్చీలోంచి.

ఇది ఇంకా ఘోరం. పన్నెండేళ్ళ కాపురంలో అత్తాకోడళ్ళు కూరలో ఉప్పు దగ్గర కూడా ఒక మాట మీదికి రాలేదు. ఏదో కుట్ర ఉందని ఆయనకు తెలిసిపోయింది. అదేమిటో మాత్రం తెలియలేదు. తెలియాలంటే ఒప్పుకున్నట్టు నటించడమే మార్గమనుకున్నాడు. పైగా ఆయన మనసులో ఒక ఎత్తు మెదిలింది. యంత్రాన్ని కుదిపితే టిల్ట్ అనే దీపం వెలిగి ఆ గోళీతో ఆట అక్కడితో సరి. ఆ దీపం ఎప్పుడో మాడిపోయింది. అక్కడ మండిపోయే ఎర్రబల్బు పెడితే, దొంగాట ఆడినవాళ్ళు ఎవరైనా పట్టుబడతారు.

అద్దం తీసి మంచం మీద పడుకోబెట్టాడు. ఆటపలక పైకెత్తి కర్ర ఆనించాడు. కింద తీగలు చిక్కుపడ్డ జుట్టులా ఉన్నాయి. ముప్పై ఎనిమిది బల్బులు, ముప్పై ఎనిమిది తుప్పు పట్టిన హోల్డర్లు. ఒక్కోదాన్ని నొక్కి తిప్పి ఊడదీసి, గరుకు కాగితంతో రుద్దేసరికి వేళ్ళు హోల్డర్లకంటే ఎక్కువ అరిగాయి. ముందు అన్నీ నీలం దీపాలు వేశాడు. గది చూసి భార్య, పళ్ళ డాక్టరు వచ్చాడేమోనని నోరు తెరిచానంది. పైగా అవి కళ్ళు టపటపలాడించినట్టు ఒకటే అదరడం. కొట్టుకు పోయి, అదరని రకం, పాత బల్బులా పసుప్పచ్చగా వెలిగేవి అడిగి మార్చుకొచ్చాడు. మధ్యలో స్క్రూడ్రైవరు తగలకూడని చోట తగిలి ఇంటి ఫ్యూజు టప్పుమంది. మీటరయ్య ఇంట్లో కరెంటు పోయిందన్న వార్త విని వీధిలో వాళ్ళు పని మానుకుని మరీ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఎడమ మూల దీపం మొదట వెయ్యి నాయనా" అంది తల్లి. "అది వెలిగితేనే గదా, అక్కడి వెయ్యి కాస్తా ఐదు వేలయ్యేది."

ఎప్పుడో తాను చెప్పిన ముక్క ఈ వయసులోనూ గుర్తుపెట్టుకుందని మీటరయ్య మురిసిపోయాడు. లోకాన్నంతా అనుమానించే మనిషి తల్లి దగ్గర మాత్రం ఫ్యూజు పీకేసుకుని కూర్చునేవాడు.

మర్నాటి నుంచి అద్భుతం జరిగింది. పగటి అర యూనిట్ మాయమైంది. ఎక్కువ తిరిగేది ఉండీ లేనట్టుంది. ఒకరోజు, రెండురోజులు, పదిరోజులు. టిల్ట్ దీపానికి జడిసి దొంగ దారికొచ్చిందని మీటరయ్య తీర్పు చెప్పుకుని కడుపునిండా తిన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం గెలిచినవాడి దర్జాతో భార్యను పిలిచి, దమ్ముంటే ఒక ఆట ఆడి చూపించమన్నాడు. ఆమె స్ప్రింగు లాగింది. ఆటకున్న మూడు గోళీలూ మూడు తుమ్ముల్లో అయిపోయాయి. మీటలు నొక్కాలని ఆమెకు గుర్తొచ్చేసరికి గోళీ గోతిలో ఉండేది. ఇంత చేతకాని మనిషినా అనుమానించానని మీటరయ్యకు సిగ్గూ, ఊరటా ఒకేసారి కలిగాయి.

"నేనూ ఒకసారి నొక్కి చూడనా?" అంది తల్లి.

నవ్వుతూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ చేతికర్ర కోడలికిచ్చి, రెండు మీటల మీద వేళ్ళు ఆనించింది. టీ గ్లాసు దగ్గర వణికే వేళ్ళు అక్కడ రాయిలా నిలిచాయి.

మొదటి గోళీకి పద్నాలుగు వేలు. మీటరయ్య నవ్వు సగమైంది. రెండో గోళీకి ముప్పై దాటింది. నవ్వు పూర్తిగా పోయింది. మూడో గోళీ ఇంకా పైనే తిరుగుతుండగా అంకెలు 46,900కు చేరాయి. మీటరయ్య కిటికీ చూశాడు, అట్ట చూశాడు. ఏ దేవుడూ దిగి వచ్చేలా లేడని, తానే మోకాలితో యంత్రాన్ని ఒక్క పోటు పొడిచాడు.

ఆ కుదుపుకు గోళీ ఎగిరి సూటిగా వెళ్ళి ఎడమ మూల దీపం మీద పడింది. టక్, టక్, టక్, టక్, టక్. ఐదు వేలు. ఆ తర్వాత తీరిగ్గా టిల్ట్ వెలిగింది. ఆయన ఏరి కోరి పెట్టిన ఎర్రబల్బు గదంతా వెలిగేలా మండింది. గోళీ పోయింది గానీ వచ్చిన అంకెలు పోవు. 51,900.

"మోకాలికి దెబ్బ తగిలిందా నాయనా?" అంది తల్లి.

"నిన్ను కాపలా పెట్టాను కదమ్మా!"

"కోడలు ముట్టుకుందా అని అడిగావు, ముట్టుకోలేదన్నాను. నా సంగతి నువ్వు అడగలేదు. మధ్యాహ్నం పూట ఏం తోస్తుందిరా? ఆ మూల చీకటిగా ఉండి గోళీ కనపడి చచ్చేది కాదు. నువ్వు దీపం వేశాక బాగుంది."

"మరి మీటరు?" అన్నాడు మీటరయ్య, భార్య వైపు తిరిగి.

"కొత్త దీపాలు పాతవాటిలో పదో వంతు తింటాయని ఊరందరికీ చెప్పేది మీరే కదండీ. అత్తయ్య ఆట ఎక్కడా ఆగలేదు, మీ లెక్కే ఆగింది" అందామె. ఆ పైన నవ్వు ఆపుకోలేక, "ఇరవై ఏళ్ళు మీటరు చూశారు గానీ, మీట మీద చెయ్యి ఎవరిదో చూడలేదు" అంది.

యంత్రం ఎక్కడ పెట్టాలో తల్లి చెప్పింది. వెనక గదిలోకి మోస్తుంటే మీటరయ్యకు నడుము పట్టేసింది. కిటికీ దగ్గర కుట్టుమిషను చేరింది. భార్య నల్లదారం, నీలందారం పక్కపక్కన పెట్టి ఎండలో మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ఆ ముఖం చూశాక, తొమ్మిదేళ్ళూ తాను చేసిందేమిటో మీటరయ్యకు బాగానే అర్థమైంది. వెనక గది చీకట్లో యంత్రం మాత్రం ఎన్నడూ లేనంత అందంగా వెలిగింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆయనకు వారం పట్టింది. అట్ట మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాసి, పక్కన "అమ్మ" అని రాశాడు.

యంత్రం మోసిన మర్నాడు సాయంత్రమే, చెప్పులు విప్పకుండానే మీటరు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కిటికీ వెలుతురు ఉండటంతో పగలంతా ట్యూబులైటు వెయ్యలేదని ఆయనకు ఇంకా తట్టలేదు. మీటరు ఎప్పుడూ చూపనంత తక్కువ చూపిస్తుంటే, ఇప్పుడు ఎవరిని అనుమానించాలో తోచక గుమ్మంలోనే నిలబడిపోయాడు.