ఫైళ్ల మొక్కు

ఆ ఉదయం గిరిప్రసాద్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తిని, భార్య పల్లవి ఫోటో, సర్టిఫికెట్లు నాయుడుపేట ఫ్యాక్టరీ ఉద్యోగానికి అప్‌లోడ్ చేయాలి, అంతే. గడువు మధ్యాహ్నంతో ఆఖరు. పెళ్లయినప్పటి నుంచి పల్లవి ఎదురుచూస్తున్న ఉద్యోగం అది. కంప్యూటర్ మరీ నెమ్మదించిందని ముందురోజే విండోస్ మళ్లీ వేసిన ఘనత కూడా గిరిదే. ఫైళ్లు వేరే డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయని ధీమా.

ఫోటో మీద నొక్కాడు. అనుమతి లేదంది. సర్టిఫికెట్ మీద నొక్కాడు. అదీ అదే మాట. అసలు సర్టిఫికెట్లు వెరిఫికేషన్ పేరుతో యూనివర్సిటీ ఆఫీసులో ఇరుక్కుని ఉన్నాయి. గిరి వెంటనే స్నేహితుడు ఢిల్లీబాబుకు ఫోన్ చేశాడు.

"అప్పా, ఆ ఫైళ్లు పాత గిరివి. ఇప్పుడు నువ్వు కొత్త గిరివి. పేరొకటే అయినా సిస్టమ్ నిన్ను గుర్తుపట్టదు. ఓనర్‌ని మార్చాల. సెట్టింగ్ యాడుండాదో సూసి చెప్తా, ఉండు."

ఉండే ఓపిక గిరికి ఎక్కడిది? ఏదో రిపేరు సాఫ్ట్‌వేర్ దించాడు. అది సిస్టమ్‌ను ఆపేసి, నింపాదిగా మళ్లీ మొదలుపెట్టింది.

వంటింట్లోంచి వచ్చిన తల్లి రుక్మిణమ్మకు ఫైళ్ల సంగతి తెలియకపోయినా, కొడుకు ముఖం చూడగానే ప్రమాదం అర్థమైంది. కొండవైపు తిరిగి చేతులు జోడించింది.

"స్వామీ! ఆ ఫైళ్లు తెరుసుకుంటే నా కొడుక్కి గుండు కొట్టిస్తా!"

గిరి మళ్లీ నొక్కాడు. అనుమతి లేదు.

"నీ నెత్తిన ఏముండాదిరా, స్వామికిచ్చేదానికి?" అని తల్లి విసుక్కుంది. చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తప్ప నిజంగానే ఏమీ లేవు. "కోడలి జడ కూడా ఇస్తాం స్వామీ!"

"అమ్మా! ఆమెనడిగినావా?"

గుమ్మంలో పల్లవి నిలబడి ఉంది. నడుం దాటిన జడ.

"గుండెందుకు, కొస జుట్టుకు మూడు కత్తెర్లు సాలవా అత్తా?"

"ఉద్యోగం నీదమ్మా. స్వామితో బేరమాడొద్దు."

పల్లవి గడియారం చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరే, కానీండి. ఇదీ పోతే నాకింక ఉద్యోగం రాదు."

అప్పుడే ఫోన్ మోగింది. ఢిల్లీబాబు చెప్పిన చోట నొక్కి, గిరి ఓనర్‌ను మార్చాడు. ఫోటో తెరుచుకుంది. జడ ముందుకు వేసుకుని నవ్వుతున్న పల్లవి! సర్టిఫికెట్లూ తెరుచుకున్నాయి. గడువులోగా అన్నీ ఎక్కాయి. ఢిల్లీబాబును మాత్రం ఎవరూ తలుచుకోలేదు.

మొక్కు వాయిదా వేస్తే ఏమవుతుందోనని మరునాడే ముగ్గురూ కొండెక్కారు. రెండు గుండ్లతో దిగారు.

వారం తిరక్కుండానే ఇంటర్వ్యూ. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగి కాల్ లెటర్ మీది ఫోటోను, ఎదుటి గుండును మార్చి మార్చి చూశాడు. పల్లవి ఆధార్ తీసింది. అందులోనూ జడే.

"గుండ్లు మాకేం కొత్త కాదమ్మా. కానీ రూలు రూలే. ఫోటోలో ఉండే ఆమెను పిలుసుకోని రండి, పంపిస్తా."

"ఆమే ఈమె సార్!" అన్నాడు గిరి, ఏడుపు గొంతుతో.

"లోపల సార్‌ను అడిగొస్తా. ఆయన ఒప్పుకుంటే మీ అదృష్టం."

అతను లోపలికి వెళ్లగానే రుక్మిణమ్మ అలవాటుగా కొండవైపు తిరిగి చేతులెత్తింది. "స్వామీ, ఆ సారు గానీ ఒప్పుకుంటే..." అంటూ కొడుకు నెత్తి చూసింది. కోడలి నెత్తి చూసింది. వాళ్లిద్దరూ ఆమె కొప్పునే చూస్తున్నారు.

రుక్మిణమ్మ చేతులు దించి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.