గోడకు పోసిన అమ్మవారు

ఆ ఆదివారం పొద్దున్నే ప్రత్యూష వేసుకున్న పథకం చాలా చిన్నది. పడగ్గదిలో బీరువా పక్కకు జరపాలి, వెనక గోడకు పట్టిన నల్ల బూజు గీకెయ్యాలి, పసుపు ముద్ద పట్టించాలి. పసుపుకు చావని పురుగు లేదని ఆవిడ పుట్టింటివారి నమ్మకం. దోమల చుట్ట వెలిగించొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి, గుమ్మానికి నాలుగు వేపమండలు కట్టాలి. ఇంతే. ఇందులో ఊరంతా కదిలే సంగతి ఏముందో మీరే చెప్పండి.

వన్ టౌన్‌లోని ఈ వాటాలోకి అద్దెకు దిగేదాకా ఆమె కూతురు, ఆరేళ్ల సింధూరికి దగ్గంటే ఏమిటో తెలియదు. ఇప్పుడు గోడకు చెమ్మ, పిల్లకు నెమ్ము. రెండూ పోటీ పడి పెరుగుతున్నాయి. నడుం వాలిస్తే చాలు, పిల్ల ఛాతీలో పిల్లికూతలు. మందులు రాసిన డాక్టరు, ఆ గోడ సంగతి తేలకపోతే తన మందు తన ఫీజుకే పనికొస్తుందని నిజాయితీగా చెప్పేశాడు.

గోడ సంగతి తేల్చాల్సిన ఇంటి ఓనరు వెంకటప్పయ్య పైవాటాలోనే ఉంటాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు అమ్మి కట్టిన మేడ అది. బండి కింద చుక్క ఆయిలు పడితే ఎక్కణ్నుంచి కారిందో కళ్లు మూసుకుని చెబుతాడు గాని, సొంత గోడ కారుతోందంటే మాత్రం ఒప్పుకోడు. ప్రత్యూష భర్త కిరీటి బట్టల కొట్లో గుమాస్తా, పుట్టు మొహమాటస్తుడు. ఫిర్యాదు చేద్దామని పైకెళ్లిన ప్రతిసారీ కాఫీ తాగి కిందికి దిగేవాడు.

"అది లీకేజీ కాదయ్యా, కృష్ణ గాలి. బెజవాడలో కాపురముంటా చెమ్మంటే ఎట్లా?" అనేవాడు వెంకటప్పయ్య. వంటింటి కప్పు కారుతోందని వెనక వాటా హెలెన్ టీచర్ మొత్తుకున్నా ఇదే జవాబు. కృష్ణ గాలి అక్కడిదాకా కూడా వీచింది మరి.

సరే, ప్రత్యూష గోడకు నిండా పసుపు పట్టించింది. మిగిలిన ముద్దతో సింధూరి మొహమంతా చుక్కలు పెట్టుకుని మంచం మీద పడుకుంది. సరిగ్గా అప్పుడే కరివేపాకు కోసం వెంకటప్పయ్య భార్య రావమ్మ కిందికి దిగింది. గుమ్మానికి వేపమండలు చూసింది. ప్రత్యూష చేతులకు పసుపు చూసింది. కిటికీలోంచి పిల్ల మొహం మీద చుక్కలు చూసింది. చెప్పులు అక్కడే వదిలేసి చేతులు జోడించింది.

"ఎప్పుడొచ్చిందమ్మా తల్లి?"

అమ్మవారు పోసిందనుకుంటోందని అర్థమయ్యేసరికి ప్రత్యూషకు గాభరా పుట్టింది. "అమ్మవారు కాదండీ పిన్నిగారూ, గోడకి బూజు పట్టింది."

"తప్పమ్మాయ్. ఇంటికొచ్చిన తల్లిని కాదనకూడదు. ఆవిడ అన్నీ వింటా ఉంటది. ముందు లెంపలేసుకో."

ప్రత్యూష లెంపలేసుకుంది. ఇక అక్కడితో నిజానికి నూకలు చెల్లాయి. అమ్మవారు రాలేదని ఎవరితో అన్నా అపచారం, రెండోసారి అంటే మహాపచారం. గంటలో సందంతా పాకింది. పాలవాడు పాకెట్లు సందు మొదట్లో పెట్టి పరుగెత్తాడు. పిల్లకు నీళ్లు పోసేదాకా కొట్టు గడప తొక్కొద్దని కిరీటికి షావుకారు ఫోన్ చేశాడు. అసలు విషయం చెప్పాలని నోరు తెరిచిన కిరీటి, అలవాటు కొద్దీ "అట్లాగేనండీ" అన్నాడు. ఇరుగుపొరుగు చలిమిడి, పెరుగన్నం తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్తుంటే సింధూరి మాత్రం ఆ అమ్మవారెవరో చాలా మంచిదనుకుంది.

అసలు ఇబ్బంది పైవాటాలో మొదలైంది. ఒకే కప్పు కింద ఉన్నదంతా ఒకే ఇల్లని రావమ్మ తీర్మానించింది. తిరగమోత బంద్, వేపుడు బంద్, గడ్డం గీసుకోవడం బంద్. కింద తల్లి కూర్చుని ఉండగా ఆవిడ నెత్తిన నీళ్లు పోసుకోవడం మరీ ఘోరమని పై బాత్రూముకు తాళం వేసింది. వేపుడు లేకపోతే ముద్ద దిగని వెంకటప్పయ్య, చద్దన్నం తిని, గడ్డం పెంచి, సందులో పోయేవాళ్లంతా చూస్తుండగా పెరట్లో కుళాయి కింద స్నానం చేస్తూ బతికాడు. ఆగలేక ఓరోజు కిరీటిని మెట్ల కిందకు లాగాడు.

"ఏవయ్యా, ఆవిడ ఇంకా ఎన్నాళ్లుంటది?"

"అసలు రాలేదండీ బాబాయిగారూ."

వెంకటప్పయ్య బెదురుగా పైకి చూశాడు. "గట్టిగా అనకు. మా ఆవిడ విందంటే ఇంకో రెండ్రోజులు పొడిగిస్తది."

ఇంత గోలలోనూ ఒక మంచి జరిగింది. గోడ ఎండింది. ప్రత్యూష పొద్దున్నే చెయ్యి వేసి చూస్తే అరచేతికి తడి తగల్లేదు. పక్కనే సింధూరి నోరు మూసుకుని, ముక్కుతో, చప్పుడు లేకుండా నిద్రపోతోంది. ఎన్నాళ్ల తర్వాతో విన్న ఆ నిశ్శబ్దానికి ప్రత్యూష మంచం పక్కన కూర్చుని ఏడ్చేసింది. సంతోషం పట్టలేకే. అయితే గోడ ఎందుకు ఎండిందో ఆమెకూ అంతుబట్టలేదు. పసుపు గొప్పదనం అనుకుంది. రావమ్మేమో అమ్మవారి మహిమ అంది. అంతటితో ఊరుకోకుండా, పిల్లకు నీళ్లు పోసే రోజు చల్లగా గడిస్తే ఆ గోడను కొత్తదానిలా చేయిస్తానని పసుపు గోడ ముందు మొక్కేసుకుంది. మెట్ల మీద నిలబడి విన్న వెంకటప్పయ్యకు చద్దన్నం కూడా అరగలేదు.

నీళ్లు పోసే రోజు రానే వచ్చింది. కింద సింధూరికి పసుపునీళ్లు, వేపాకు నీళ్లు పోశారు. సందులోని ఆడవాళ్లు వచ్చారు. పైన బాత్రూము తాళం తీసి, భర్తకు కూడా బిందెడు పసుపునీళ్లు ఇచ్చి, రావమ్మ హారతి పళ్లెంతో కిందికి దిగింది. ఇన్నాళ్ల మురికి వదలాలిగా, వెంకటప్పయ్య చెంబు మీద చెంబు గుమ్మరించుకున్నాడు.

హారతి వెలిగేసరికి ఎండిన గోడ మీద ఒక పసుపు చుక్క మెరిసింది. ఆ పక్కన ఇంకొకటి. చూస్తుండగానే సన్నటి పసుపు ధార కిందికి జారింది. అందరూ చేతులు జోడించారు. రావమ్మ కళ్లు చెమర్చాయి. తల్లి కరుణించిందని ఎవరో అన్నారు.

అప్పుడు గోడలోంచి నురగ వచ్చింది.

రావమ్మ హారతి పళ్లెం కింద పెట్టింది. నురగను వేలితో తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది. "ఇది మా ఆయన గంధం సబ్బు," అంది.

ప్రత్యూష కూతుర్ని దగ్గరకు తీసుకుంది. ఈసారి ఆమె గొంతులో గాభరా లేదు. "ఇన్నాళ్లూ మా పిల్ల పీల్చింది ఈ తడేనండీ పిన్నిగారూ. మీరు తాళం వేసినన్నాళ్లే హాయిగా నిద్రపోయింది."

రావమ్మ ఆమెను లెంపలేసుకోమనలేదు. తనే వేసుకుంది.

ఆ తర్వాత ఆవిడ వేసిన కేక విని వెంకటప్పయ్య తువ్వాలుతోనే దిగొచ్చాడు. గోడ మీద నురగ, ఆయన నెత్తిన నురగ. "కృష్ణ గాలి..." అని మొదలుపెట్టి, భార్య మొహం చూసి ఆపేశాడు. అమ్మవారు రాలేదని తేలింది కనుక మొక్కు కూడా చెల్లదేమోనని నసిగాడు.

"మొక్కింది ఆవిడ కోసం కాదు, పిల్ల కోసం. మేస్త్రీకి ఫోన్ చెయ్యండి," అంది రావమ్మ.

మేస్త్రీ వచ్చి గోడ చెక్కి, చీకిపోయిన పైపు తీసి కొత్తది వేశాడు. ఎప్పుడో మూసేసిన రెండో కిటికీ కూడా తెరిచాడు. ఇప్పుడు ఎండ సింధూరి మంచం దాకా వస్తోంది. పిల్ల మేడమెట్లు గబగబా ఎక్కి, ఆయాసం లేకుండా పైనుంచి వాళ్లమ్మను పిలుస్తోంది. వెంకటప్పయ్య కంచంలోకి మళ్లీ దొండకాయ వేపుడు వచ్చింది. ఇల్లంతా చల్లబడిందని ఆయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే, వెనక వాటాలో హెలెన్ టీచర్ గుమ్మానికి వేపమండలు వేలాడాయి.